మొగలిగట్టు మీది పొగ

రేడియోలో విమానాల కంపెనీ ఆఫీసు అమ్మాయి చెప్పింది ‘అమ్మ వస్తోంది’ అని. నాకు వినిపించింది ‘బొమ్మ వస్తోంది’ అని. వానాకాలంలో మా హెబారి లోయ రేడియో సగం మాటలు మింగేసి, మింగినవాటికి బదులు తనకు తోచినవి కక్కుతుంది. “సెలన్ బొమ్మ గురువారం విమానంలో వస్తోంది, జాగ్రత్తగా దించుకోండి” అని నా చెవిన పడింది. మళ్లీ చెప్పమంటే గరగరమంది. ఆ గరగరను అవునన్న మాట కింద జమ వేసుకున్నాను.

నమ్మడానికి నాకేం ఇబ్బంది అనిపించలేదు. సెలన్ మా లోయకు విమానం నడిపిన పైలట్. మూడేళ్ల కిందట మా కొండల్లోనే పడిపోయాడు. విమానమూ ఎముకలూ దొరికింది మొన్న మొగలి గింజల కాలంలో. ఇన్నాళ్లకు కంపెనీకి సిగ్గొచ్చి, పోయినవాడికి ఒక బొమ్మ చేయించి పంపుతోంది కాబోలు అనుకున్నాను. బొమ్మ విమానమెక్కి రావడం కన్నా కంపెనీకి సిగ్గు రావడం పెద్ద వింత అని అప్పుడు తట్టలేదు.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని. రన్‌వే ఈ చివర నేను గొంతెత్తితే ఆ చివర పడుకున్న పందులు లేచి నిలబడతాయి. కాబట్టి మధ్యాహ్నానికల్లా లోయ అంతా బొమ్మ మీదే పడింది. మొహం ఎటు ఉండాలన్నది మొదటి తగాదా. ఎగువ తెగ వాళ్లు మా వైపు అన్నారు, దిగువ తెగ వాళ్లు మా వైపు అన్నారు. మొహం ఒకరికిస్తే వీపు ఇంకొకరికి ఇచ్చినట్టే కదా, వీపుతో పాటు దాని కిందిది కూడా మాకే వస్తుంది కదా అని దిగువ తెగ ముసలాయన ఒకడు కర్ర పట్టుకుని లేచాడు. ఆరు నెలలు ఇటు, ఆరు నెలలు అటు తిప్పుకుందామని నేను సలహా ఇచ్చాను. నవ్వుతారని ఇచ్చాను. వాళ్లు కూర్చుని ఆలోచించారు.

చివరికి ఎగువ తెగ పెద్దమనిషి తగొబె తీర్పు చెప్పాడు: మొహం విమానాలు దిగే వైపు ఉండాలి, పైలట్ కదా, వచ్చేవాళ్లను చూసుకుంటాడు. ఆసుపత్రి మెట్లకని దాచిన సిమెంటు తీయించి, రన్‌వే పక్కన నడుమెత్తు దిమ్మ కట్టించాడు. తడి ఆరేదాకా పందులు ఎక్కకుండా తన కొడుకుల్ని కాపలా పెట్టాడు.

గురువారం విమానం దిగింది. బలమైన మనుషులు తాళ్లూ వెదుర్లూ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. కొత్త పైలట్ కుర్రవాడు తలుపు తీసి, ఒక బక్కపలచటి ముసలావిడను చేయిపట్టి దించాడు. ఆవిడ చేతిలో తాటాకు బుట్ట. మావాళ్లు ఆవిడను మర్యాదగా పక్కకు జరిపి లోపలికి తొంగిచూశారు. లోపల బియ్యం బస్తాలు, సబ్బుల పెట్టె, కోళ్ల గంప ఉన్నాయి. బొమ్మ లేదు.

“బొమ్మేదమ్మా?” అని అడిగాను.

“ఏ బొమ్మ నాయనా? నేను సెలన్ అమ్మను” అంది.

దిమ్మ కట్టినవాళ్లకు దిమ్మ తిరిగింది. తాళ్లు పట్టుకున్నవాళ్లు తాళ్లను వీపుల వెనక దాచుకున్నారు, అదేదో ఆవిడను కట్టేయడానికి తెచ్చినట్టు. ఆవిడ మాత్రం దిమ్మ దగ్గరికి నడిచివెళ్లి చుట్టూ చూసింది. ఇది నా కొడుకు కోసమా అని అడిగింది. అవునన్నాం. దీని మీద ఏం పెడతారని అడిగింది. లోయకు లోయ నోరు మూసుకుంది. అలాంటప్పుడు మూతపడని నోరు మా లోయలో ఒక్కటే ఉంది.

“మీరే కూర్చోండమ్మా, అలిసిపోయి ఉంటారు” అన్నాను.

ఆవిడ కూర్చుంది. కాళ్లు నేలకు అందలేదు. బుట్ట ఒళ్లో పెట్టుకుని, విమానాలు దిగే వైపు మొహం పెట్టి, అలాగే చాలాసేపు కూర్చుంది. ఆవిడ పేరు న్యాలెప్. ఊరు సముద్రంలో ఎక్కడో ఉన్న చిన్న దీవి.

నా పేరు హలూయ. కొత్తగా వచ్చిన ఏ పాస్టరైనా మొదటిసారి నా పేరు అడిగి, నేను చెప్పగానే ఆమెన్ అంటాడు. కంపెనీకి ఈ రన్‌వే మీద ఏజెంటును. విమానం ఎక్కేవాళ్లనూ వాళ్ల దుంపలనూ పందిపిల్లలనూ కాటా మీద పెట్టి తూస్తాను. బరువు తూచే కాటా ఇచ్చారు గానీ పరువు తూచే కాటా ఇంకా పంపలేదు. పంపితే మా పెద్దమనుషుల్ని ఎక్కించడానికి నేను సిద్ధమే, ఎక్కడానికి వాళ్లు సిద్ధం కారు. పొద్దున్నే రేడియోలో మబ్బు ఎంత కిందికి దిగిందో చెబుతాను. నాది గాలి ఉద్యోగం, నావి గాలి కబుర్లు. కానీ గాలి గురించి నేను చెప్పే మాట తేడా వస్తే ఆ పూట ఒక మనిషి కొండను గుద్దుకుంటాడు.

గుద్దుకున్నారు కూడా. మా లోయకు రోడ్డు లేదు, వచ్చేది పోయేది ఈ ఒక్క ఇంజను విమానాల్లోనే. కనుమ దగ్గర మబ్బు తలుపు తెరిచి మూసినట్టు మూసుకుంటుంది. మూసుకున్నాక లోపల ఉన్నవాడి సంగతి మబ్బుకు పట్టదు. రాయ్ అనే తెల్లాయన అలాగే పోయాడు. ఆయన విమానం తోక ముక్క ఇప్పుడు నా బావమరిది పందుల దొడ్డికి తలుపు. టొబియాస్ అనే జర్మన్ కుర్రాడు ఏటిలోకి దిగి మళ్లీ లేవలేదు. ప్రతి పైలట్ పోయినప్పుడూ ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఆ పేర్లు పెట్టుకోవడం మా అలవాటు. మా బడి హాజరు పిలిస్తే చచ్చిపోయిన పైలట్లందరూ ‘ఉన్నానండీ’ అంటారు.

ఆ సాయంత్రం దిమ్మ మీద న్యాలెప్ కూర్చుని ఉండగానే, రన్‌వే అవతల ఒక తల్లి తన మూడేళ్ల కొడుకును కేకేసింది. “సెలన్, ఒరేయ్, పంది తోక వదలరా.” ముసలావిడ తల ఒక్కసారిగా అటు తిరిగింది. తర్వాత మెల్లగా యథాస్థానానికి వచ్చింది. ఆ తిరగడం చూశాక నాకు ఆ రోజు ఇంకో జోకు తోచలేదు.

ఆవిడ మా ఇంట్లోనే దిగింది. నా భార్య వాందిమె ఆవిడకు దుంపలు కాల్చి పెట్టింది, కప్పుకోవడానికి మందపాటి దుప్పటి ఇచ్చింది. సముద్రం మనుషులకు మా చలి గిట్టదు. పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ ఆవిడ వచ్చిన పని చెప్పింది. దాచిపెట్టి, తిప్పి తిప్పి కాదు, తిన్నగా చెప్పింది.

ఆవిడ దీవి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఎముకలు పెట్టెలో పెట్టి పంపినప్పుడు కంపెనీవాళ్లు, మీవాడు పడగానే పోయాడమ్మా, నొప్పి కూడా తెలిసి ఉండదు అన్నారట. వాళ్ల దీవిలో పూడ్చే ముందు ఎముకల్ని తల్లి తన చేత్తో సముద్రపు నీటిలో కడగాలి. కడుగుతుంటే కుడికాలి ఎముకకు కట్టు కనపడింది. విమానంలో నడుముకు పెట్టుకునే పట్టీతో, రెండు పుల్లలు ఆనించి కట్టిన కట్టు. మావాళ్లు ఎముకలు దించుకొచ్చేటప్పుడు చచ్చినవాడి ఒంటి మీదిది తీయకూడదని దాన్ని అలాగే ఉంచేశారు.

“ఆ ముడి పడవ తాడుకు వేసే ముడి. వాడికి నేనే నేర్పాను” అంది న్యాలెప్. “చచ్చినవాడు తన కాలికి తాను కట్టు కట్టుకోడు కదా నాయనా. వాడు బతికున్నాడు. కాలు విరిగింది, కదలలేడు, ఎవరో వస్తారని కూర్చున్నాడు. ఎందుకు ఎవరూ రాలేదో తెలుసుకుని పోదామని వచ్చాను. అంతకన్నా నాకేం అక్కర్లేదు.”

నా దగ్గర ప్రతిదానికీ ఒక జవాబుంటుంది. దీనికి కూడా ఉంది. ఉండబట్టే నోరు రాలేదు. దుంప బాగా కాలలేదనుకుంటానమ్మా అని ఇంకోటి తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆ జవాబేమిటో చెప్పాలంటే పొగ గురించి చెప్పాలి.

మా లోయలో ఒక మనిషి తప్పిపోయి, శవం దొరకకపోతే, అతని మీద ప్రేమ ఉన్నవాళ్లు తలా ఒక గుట్ట ఎక్కి కొన్నాళ్లపాటు రోజూ పచ్చి ఆకులతో పొగ వేస్తారు. పోయినవాడి ప్రాణం ఆ పొగ చూసుకుని దారి తప్పకుండా ఇంటికి రావాలని. పొగ వేసినవాడు నుదుటికి బూడిద రాసుకుని, ఆ రోజు నుంచి పంది మాంసం మానేయాలి. పోయినవాడి తల్లి వచ్చి తన చేత్తో ఒక ముద్ద నోట్లో పెట్టేదాకా మానాల్సిందే. దాన్ని పొగముద్ద అంటాం. ఒకడి ముద్ద ఇంకొకడు తింటే కడుపులో పొగ చేరి ఉబ్బి పోతాడని అంటారు. నిజమో కాదో తెలియదు. తిని చూసినవాడు ఇంతవరకు లేడు.

సెలన్ విమానం ‘మబ్బు మూసుకుంది, వెనక్కి తిరుగుతున్నాను’ అని చివరి మాట చెప్పి ఆగిపోయిన మర్నాడే లోయలో పొగలు లేచాయి. ఇంకో పైలట్‌కు ఇంతమంది పొగ వేయలేదు. సెలన్ అంటే అంత ఇష్టం మావాళ్లకు. కాన్పు కష్టమైన ఆడవాళ్లను ఎన్నిసార్లు పట్నం ఆసుపత్రికి చేర్చాడో. తగొబె రెండో భార్యను అలా తీసుకెళ్లి, తల్లీబిడ్డలిద్దరినీ వెనక్కి తెచ్చి అప్పగించాడు. తగొబె రన్‌వే మీదే అతణ్ని కావలించుకుని ఏడ్చాడు.

కానీ మా ప్రేమ ఎప్పుడూ ఒంటరిగా రాదు, పోటీని వెంటపెట్టుకుని వస్తుంది. దిగువ తెగ వాళ్లు గుట్ట గుట్టకూ పొగ వేశారు. ఎగువ తెగ పొగలు తక్కువయ్యాయి. అందరూ రన్‌వే మీద నిలబడి లెక్కపెట్టుకుంటూ, మా పొగ చిక్కన, మీ పొగ పలచన అని వాదించుకుంటుంటే, ఎవరో చేయి చాపి చూపించారు. అందరికన్నా ఎత్తున, ఎవరూ ఉండని, మూడు నాలుగేళ్లకొకసారి వచ్చే గింజల కాలంలో తప్ప ఎవరూ ఎక్కని మొగలిగట్టు మీద సన్నగా ఒక పొగ.

అంత దూరం ఎక్కి వేసిందెవరని జనం నోళ్లు తెరిచారు. తగొబె ఛాతీ విరిచి, మావాళ్లే అన్నాడు.

అతను కావాలని అబద్ధమాడలేదు. తన తమ్ముళ్లలో ఎవడో ఎక్కి ఉంటాడని అనుకున్నాడు. తమ్ముళ్లలో ప్రతివాడూ ఇంకొకడు ఎక్కాడని అనుకున్నాడు. పొగడ్త వచ్చి ఒళ్లో పడితే ఎవరు పంపారని విచారించే అలవాటు మా లోయలో లేదు. పొగ, పొగడ్త, పొగరు: మూడూ ఒకే పొయ్యి లోంచి వస్తాయి మాకు.

వెతకడానికి వచ్చిన విమానాలు రేడియోలో అడిగాయి, ఈ పొగలేమిటని. తగొబెకు మైకు అంటే మహా ఇష్టం. నా చేతిలోంచి లాక్కున్నాడు. అన్నీ మా సంతాపం పొగలే, ఆ పైగట్టు మీది పెద్ద పొగ కూడా మాదే, మా తెగది అని చెప్పాడు. విమానాలు సరేనని ఏటి అవతలి కొండల మీదికి మళ్లాయి. నేను కూడా ఆ పొగను అతనిదే అనుకున్నాను. ఆ తర్వాత మైకు అతనికి వదిలేసి, విమానాలకు ఆయిలు డ్రమ్ములు దొర్లించడానికి రన్‌వే ఆ చివరికి పోయాను.

మొన్న గింజల కాలంలో నా బావమరిది అగిలో మొగలిగట్టు ఎక్కాడు. కొమ్మల్లో ఇరుక్కున్న విమానం చూశాడు. కాస్త పక్కన రాతి చరియ కింద సీటు పరుపు పరిచి ఉంది. దాని మీద ఎముకలు. ఎదురుగా మూడు రాళ్ల పొయ్యి, మసి, చాకుతో నరికిన పచ్చి కొమ్మల మొదళ్లు. పచ్చి కొమ్మలు వంటకు ఎవరూ నరకరు. పొగకే నరుకుతారు.

అగిలో ఈ సంగతి తగొబెకు చెప్పాడు, నాకు చెప్పాడు. తగొబె అగిలోను మాత్రమే వెంట తీసుకెళ్లి ఎముకల్ని తనే దించుకొచ్చాడు. పొయ్యి మాట బయటికి పోకూడదని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు. మాట ఇవ్వకపోయినా మేం చెప్పగలిగేది లేదు. ఎగువ తెగ పెద్దమనిషిని పదిమందిలో మేం తప్పుపడితే మర్నాడు బాణాలు లేస్తాయి. ఆ మాట చెప్పగలిగిన నోరు లోయలో ఒక్కటే, అతనిదే. ఆ రోజు నుంచి అతను రేడియో గుడిసె గడప తొక్కలేదు. మైకు చూస్తే మొహం తిప్పుకునేవాడు.

న్యాలెప్ వచ్చిన మర్నాడు పొద్దున్నే తగొబె దుంపల తోటకు వెళ్లాను. మట్టి తవ్వుతున్నాడు. నన్ను చూసి తవ్వడం ఆపలేదు.

కట్టు సంగతి, ముడి సంగతి చెప్పాను. ఆవిడ అడుగుతున్న ప్రశ్న చెప్పాను. ఈసారి వచ్చింది విమానం కాదు, అనుమానం, దానికి దిగే చోటు చూపించాల్సింది నువ్వే అన్నాను. అతను నవ్వలేదు. నవ్వడానికి నేను అనలేదు కూడా. నా నోటికి మరో దారి తెలియదు.

“చెప్తే ఏమొస్తుంది బావా? వాడొస్తాడా?” అన్నాడు.

“వాడు రాడు. ఆవిడ వచ్చింది” అన్నాను.

“నేను వాడి కోసం ఏడ్చాను. నా పిల్లాడికి వాడి పేరే పెట్టుకున్నాను. ఇంక నన్నేం చేయమంటావు?”

ఏం చేయమంటానో నేను చెప్పలేదు. అతనే చెప్పాడు. ముసలావిడకు మర్యాదగా పొగముద్ద కార్యం జరిపిద్దామన్నాడు. పొగ వేసినవాళ్లు మూడేళ్లుగా పంది ముట్టక ఎండిపోయి ఉన్నారు, వాళ్లకూ విడుదల అవుతుంది. ఆవిడ కొడుకును లోయ ఎంత ప్రేమించిందో కళ్లారా చూసుకుంటుంది, ఆ తృప్తితో విమానం ఎక్కుతుంది. మొగలిగట్టు పేరు ఎవరూ ఎత్తకపోతే సరి.

వాందిమెకు నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. తను చాలా రోజుల కిందటే ఒక మాట అడిగింది నన్ను, మొగలిగట్టు పేరు చెప్పి ఎగువ తెగలో పంది మానినవాడెవడని. మగాళ్లు పొగలు లెక్కపెట్టుకున్నారు. ఎవరు ఏ విందులో ముక్క వదిలేశారన్నది వండి వడ్డించిన ఆడవాళ్లు లెక్కపెట్టుకున్నారు. మా ఆడవాళ్లు పెద్దమనిషిని తప్పుపట్టకూడదు. కానీ దూరం నుంచి వచ్చిన చుట్టానికి గుట్టల పేర్లు చెప్పకూడదని ఏ కట్టడీ లేదు. కార్యం ముందు రోజు సాయంత్రం వాందిమె ముసలావిడను దిమ్మ దగ్గర నిలబెట్టి, ఏయే గుట్ట మీద పొగ లేచిందో వేలితో చూపించి పేర్లు చెప్పింది. చివరికి మొగలిగట్టు చూపించింది. చూపించి ఊరుకుంది. న్యాలెప్ ఆ గట్టు వైపు చాలాసేపు చూసింది. ఎముకలు ఏ గట్టు మీద దొరికాయో కంపెనీవాళ్లు ఆవిడకు చెప్పారు.

కార్యం రోజు లోయ అంతా రన్‌వే గడ్డి మీద కూర్చుంది. పైన మబ్బు లేదు. పొగ వేసినవాళ్లు నుదుటికి కొత్త బూడిద రాసుకుని వరసగా నిలబడ్డారు. కొందరి కళ్లు అప్పుడే అవతల గుంటల్లో ఉడుకుతున్న పందుల వైపు పోతున్నాయి. తగొబె ఈకల కిరీటం పెట్టుకుని, గొడ్డలి భుజాన వేసుకుని లేచి, సెలన్ గురించి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. సెలన్ మా లోయ కొడుకు అన్నాడు. ఆకాశం కనపడనన్ని పొగలు వేశామన్నాడు. నిజమే చెప్పాడు. ఆకాశం కనపడలేదు, అందులో వెతుకుతున్నవాళ్లకు కింద ఉన్నవాడూ కనపడలేదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి లోపలే ఉంచాను.

న్యాలెప్ దిమ్మ ముందు నిలబడింది. దిమ్మ మీద అరటాకు పరిచి, బూడిదలో కాల్చిన దుంపను ఉప్పు కలిపి ముద్దలు చేసి పెట్టుకుంది. వాందిమె చెప్పిన ఒక్కో గుట్టకు ఒక్కో ముద్ద. ఆవిడ ఒక్కొక్క గుట్ట పేరూ పిలిచింది. సముద్రం యాసలో మా గుట్టల పేర్లు వంకరగా వచ్చాయి గానీ ఎవరూ నవ్వలేదు. పిలిచిన గుట్టవాడు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచేవాడు. ఆవిడ ముద్ద పెట్టి, నుదుటి బూడిద తన కొంగుతో తుడిచి, నీ పేరేమిటి నాయనా అని అడిగేది. దిగువ తెగ ముసలాయన, వీపు కింది భాగం గురించి కర్ర ఎత్తినవాడు, ముద్ద మింగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎగువ తెగ గుట్టల వాళ్లు కూడా వచ్చారు, తిన్నారు, పోయారు.

ఆకు మీద ఒక్క ముద్ద మిగిలింది.

“మొగలిగట్టు” అంది న్యాలెప్.

ఎవరూ లేవలేదు. ఎగువ తెగ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమ్ముడు అన్నను చూశాడు, అన్న ఇంకో తమ్ముణ్ని చూశాడు. మూడేళ్ల నుంచి ఒకడి మీద ఒకడు వేసుకుంటూ వచ్చిన గౌరవం ఆ రోజు ఎవరి భుజం మీదా నిలవలేదు. అగిలో నా పక్కన తల వంచుకుని గడ్డి పీకుతున్నాడు. ఆవిడ ఇంకోసారి పిలిచింది. అదే గొంతుతో, తొందర లేకుండా. ముద్దను చేతిలోకి తీసుకుని అలాగే పట్టుకుని నిలబడింది.

జనం కళ్లన్నీ తగొబె మీదికి తిరిగాయి. మావాళ్లే అన్నది అతనే కదా.

తగొబె గొడ్డలి కొడుకు చేతికిచ్చి వచ్చాడు. అతను తినేస్తాడనుకున్నాను. తినేసి, నేనే వేశాననేస్తే అక్కడితో అయిపోయేది. లోయలో అతణ్ని కాదనేవాడు లేడు. కడుపు ఉబ్బితే ఉబ్బేది, పరువు దక్కేది. మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచాడు కూడా. న్యాలెప్ ముద్దను అతని పెదవుల దాకా తెచ్చి ఆగింది. అతని నుదుటి మీద బూడిద లేదు. ఆవిడ ఆ ఖాళీ నుదుటిని చూసింది.

“అంత ఎత్తు నువ్వే ఎక్కావా నాయనా?” అని అడిగింది. దెప్పుతున్నట్టు కాదు. నిజంగా తెలుసుకోవాలని. “చలిగా ఉందా అక్కడ?”

తగొబె నోరు మూసుకున్నాడు. ముద్ద ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. అతను తల వెనక్కి తిప్పి తన తెగను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత కిరీటం తీసి గడ్డి మీద పెట్టాడు.

“నేను ఎక్కలేదమ్మా. మావాళ్లెవరూ ఎక్కలేదు” అన్నాడు.

“మరి ఆ పొగ ఎవరిది?”

“నీ కొడుకుది.”

వెనక కూర్చున్నవాళ్లకు వినపడలేదు. ఏమన్నాడు, ఏమన్నాడు అని గుసగుసలు లేచాయి. తగొబె లేచి నిలబడి, వాళ్ల వైపు తిరిగి, అందరికీ వినపడేటట్టు చెప్పాడు. విమానం పడ్డాక సెలన్ బతికే ఉన్నాడని, కాలు విరిగి చరియ కింద కూర్చుని పచ్చి కొమ్మలు నరికి పొగ వేశాడని, అగిలో ఆ పొయ్యి చూశాడని, చూసినది దాచమన్నది తనేనని చెప్పాడు. మనం వేసిన పొగలన్నీ చచ్చిపోయినవాడి కోసం, అది ఒక్కటే బతికున్నవాడిది, దాన్ని నా తెగ ఖాతాలో వేసుకున్నాను అన్నాడు. ఎత్తిపొడవడానికి మూడేళ్లుగా కాచుకుని ఉన్న దిగువ తెగ వాళ్లు కూడా నేల చూశారు.

ఆ తర్వాత అతను న్యాలెప్ వైపు తిరిగాడు. ఆ మాట నాకు కూడా అప్పటిదాకా తెలియదు. నేను డ్రమ్ములు దొర్లిస్తున్నప్పుడు మైకు దగ్గర ఉన్నది అతను ఒక్కడే.

“ఎందుకు రాలేదని అడిగావు కదమ్మా. విమానంవాళ్లు వచ్చారు. గట్టు పైనుంచే పోయారు. ఆ పొగ ఎవరిదని అడిగారు, మాదే అన్నాను. వాళ్లు ఏటి అవతలికి పోయారు. పొగ మాత్రం రోజూ లేచేది. తర్వాత ఒక రోజు లేవలేదు. అప్పుడూ అడిగారు, పైగట్టు మీద పొగ ఆగిపోయిందేమని.”

న్యాలెప్ ముద్ద పట్టుకున్న చేయి అలాగే ఉంది.

“మావాళ్లు దిగొచ్చేశారని చెప్పాను” అన్నాడు తగొబె.